గిఫ్ట్ కార్డులోని డబ్బు ఎవరిది?

గిఫ్ట్ కార్డు అంటే ముందుగానే చెల్లించేసిన సొమ్ము. సరుకు ఇంకా చేతికి రాలేదు, ఏ సరుకు కావాలో కూడా తేలలేదు, డబ్బు మాత్రం అవతలివారి గల్లాపెట్టెలో పడిపోయింది. పైగా డబ్బు కట్టినవారు ఒకరు, వాడుకునేవారు మరొకరు. మామూలు కొనుగోలులో కనిపించని చిక్కులన్నీ ఇక్కడే మొదలవుతాయి. గడువు దాటిపోవచ్చు, దుకాణం మూతపడవచ్చు, కార్డు నంబరు దొంగల చేతికి చిక్కవచ్చు. వీటిలో ఏది జరిగినా నష్టపోయేది కానుక అందుకున్నవారు. రసీదు, చెల్లించిన రుజువు మాత్రం కానుక ఇచ్చినవారి దగ్గర ఉండిపోతాయి.

దసరాకూ దీపావళికీ కంపెనీలు ఉద్యోగులకిచ్చే మిఠాయి డబ్బాతో పాటు ఇప్పుడు ఒక వోచరు కూడా వస్తోంది. పెళ్లి చదివింపుల్లో, గృహప్రవేశాల్లో నోట్ల కవరుకు బదులు కార్డు ఇవ్వడం నగరాల్లో మామూలైంది. కవరులోని నోటు మీద గడువు తేదీ ఉండదు, కార్డు మీద ఉంటుంది. అందుకే కార్డు ఇచ్చేవారికీ పుచ్చుకునేవారికీ నియమాలు తెలిసి ఉండాలి.

జారీ చేసింది ఎవరు?

గిఫ్ట్ కార్డు విషయంలో మొట్టమొదట తేల్చుకోవలసింది దాని విలువ కాదు, గడువూ కాదు. దాన్ని జారీ చేసింది ఎవరు అన్నది. ఏ చట్టం వర్తిస్తుందో, ఎవరికి ఫిర్యాదు చేయాలో అదే నిర్ణయిస్తుంది. కార్డు ముందు వైపు పెద్ద అక్షరాలతో ఒక దుకాణం పేరు ఉండవచ్చు. వెనక వైపు చిన్న అక్షరాల్లో జారీ చేసిన సంస్థగా వేరే పేరు ఉండవచ్చు. ఈ చిన్న అక్షరాలే ముఖ్యం. ఈమెయిల్‌లో వచ్చే ఈ-గిఫ్ట్ కార్డులకైతే ఆ వివరం అడుగున ఉండే షరతుల్లో దొరుకుతుంది.

బ్యాంకు గానీ, భారతీయ రిజర్వు బ్యాంకు అనుమతి పొందిన సంస్థ గానీ జారీ చేసి, వేర్వేరు దుకాణాల్లో చెల్లే కార్డు మొదటి రకం. చట్టం భాషలో ఇది ప్రీపెయిడ్ పేమెంట్ ఇన్‌స్ట్రుమెంట్. 2007 నాటి పేమెంట్ అండ్ సెటిల్‌మెంట్ సిస్టమ్స్ చట్టం కింద ఇది రిజర్వు బ్యాంకు పరిధిలోకి వస్తుంది. ఒక దుకాణం తన సొంత సరుకుల కోసమే, తానే జారీ చేసుకునే కార్డు రెండో రకం. దీన్ని క్లోజ్డ్ సిస్టమ్ అంటారు. దీనికి రిజర్వు బ్యాంకు అనుమతి అక్కర్లేదు, కాబట్టి రిజర్వు బ్యాంకు నియమాల రక్షణా ఉండదు. పేరున్న దుకాణం కార్డు కాబట్టి భద్రంగా ఉంటుందనుకోవడం సహజమే కానీ, నియమాల లెక్కన చూస్తే రక్షణ తక్కువగా ఉన్నది ఈ రెండో రకానికే.

మూడో రకం అసలు గిఫ్ట్ కార్డే కాదు. మూడు వేలకు కొంటే మళ్లీసారి వాడుకోవడానికి అయిదు వందల కూపను ఇస్తామనే ప్రచారపు వోచర్లు ఇవి. వీటికి ఎవరూ విడిగా డబ్బు కట్టలేదు కాబట్టి గడువును, షరతులను దుకాణమే పెట్టుకుంటుంది. ముందుగా చెప్పిన షరతులను తర్వాత మార్చితే మాత్రం ప్రశ్నించవచ్చు. బట్టల దుకాణాల్లో ఇచ్చే క్రెడిట్ నోట్‌ను ఈ కూపన్ల జాబితాలో కలిపేయకూడదు. కొన్న చీరను తిరిగి ఇచ్చినప్పుడు నగదుకు బదులు చేతిలో పెట్టే ఆ కాగితం కొనుగోలుదారు సొంత డబ్బు. అందులోనూ చీరలో లోపం ఉండి తిరిగి ఇచ్చినట్లయితే క్రెడిట్ నోట్‌తో సరిపెట్టుకోవలసిన పనే లేదు. లోపమున్న సరుకును వెనక్కి తీసుకుని, బిల్లులో రాసిన గడువులోగా, అలాంటి గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోగా డబ్బు తిరిగి ఇవ్వకపోవడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతిగా పేర్కొంది.

రిజర్వు బ్యాంకు నియమాలు

మొదటి రకం కార్డులకు ఆధారం 2021 ఆగస్టు 27న రిజర్వు బ్యాంకు జారీ చేసిన మాస్టర్ డైరెక్షన్స్. వాటి ప్రకారం ఒక్కో గిఫ్ట్ కార్డు విలువ రూ.10,000 మించకూడదు. ఒకసారి ఖర్చయ్యాక అందులో మళ్లీ డబ్బు నింపే వీలు లేదు. దానితో ఏటీఎంలో నగదు తీయడం, వేరొకరికి బదిలీ చేయడం కుదరవు. అయితే కార్డు ఉన్నవారు ఒప్పుకుంటే, ఏ ఖాతా నుంచి డబ్బు వచ్చిందో ఆ ఖాతాకే తిరిగి పంపవచ్చు. కానుక ఎవరికీ పనికిరాదని తేలినప్పుడు ఈ వెసులుబాటు ఉపయోగపడుతుంది. కొన్నవారి వివరాలను జారీ సంస్థ తన దగ్గర ఉంచుకోవాలి. బ్యాంకు ఖాతా నుంచో క్రెడిట్ కార్డు నుంచో చెల్లించి కొన్నవారికి విడిగా కేవైసీ అక్కర్లేదు. బ్యాంకు కాని సంస్థలు ఇలా వసూలు చేసిన డబ్బును తమ సొంత ఖర్చులకు వాడుకోకుండా ఎస్క్రో ఖాతాలో ఉంచాలి. సంస్థ ఇబ్బందుల్లో పడినా కార్డుదారుల సొమ్ము విడిగా ఉండాలన్నది ఈ ఏర్పాటు ఉద్దేశం.

గడువు విషయంలోనే ఎక్కువమంది నష్టపోతున్నారు. నిజానికి నియమాలు వినియోగదారు వైపు గట్టిగా నిలబడిందీ అక్కడే. కార్డులో డబ్బు పడిన రోజు నుంచి కనీసం ఒక సంవత్సరం అది చెల్లాలి. ఆరు నెలలకే ముగిసేలా జారీ చేయడం నియమ విరుద్ధం. గడువు ముగియడానికి ముందున్న 45 రోజుల్లో, తగిన వ్యవధులతో, ఎస్సెమ్మెస్ ద్వారానో ఈమెయిల్ ద్వారానో కార్డుదారును హెచ్చరించాలి. ఆ హెచ్చరిక కార్డుదారు ఎంచుకున్న భాషలో ఉండాలి. అయితే హెచ్చరిక చేరాలంటే జారీ సంస్థ దగ్గర కానుక అందుకున్నవారి ఫోన్ నంబరు ఉండాలి. కొనేటప్పుడు తమ నంబరు ఇచ్చేసి కార్డును మాత్రం చేతికిస్తే సందేశాలన్నీ ఇచ్చినవారికే వస్తాయి, చాలాసార్లు చదవకుండానే చెరిగిపోతాయి.

గడువు ముగిశాక ఏమవుతుంది? కార్డు చెల్లదు గానీ డబ్బు మాయం కాదు. ఈ సంగతి తెలియకే బీరువాలో దొరికిన పాత కార్డులను చాలా ఇళ్లలో చెత్తబుట్టలో వేస్తున్నారు. గడువు దాటాక ఎప్పుడు అడిగినా మిగిలిన మొత్తాన్ని కార్డుదారు బ్యాంకు ఖాతాకు చెల్లించాలని మాస్టర్ డైరెక్షన్స్ చెబుతున్నాయి. బ్యాంకు కాని సంస్థ ఆ మిగులును గడువు ముగిసిన తేదీ నుంచి కనీసం మూడేళ్ల వరకు తన లాభాల ఖాతాలో కలుపుకోకూడదు. కార్డుదారు కోరితే పాత కార్డు గడువు పొడిగించవచ్చు, దాని బదులు కొత్తది ఇవ్వవచ్చు. కాబట్టి గడువు ముగిసిన కార్డు కనిపించగానే చేయవలసిన పని ఒకటే. కార్డు నంబరు, గడువు తేదీ, మిగిలిన మొత్తం, సొంత బ్యాంకు ఖాతా వివరాలు రాసి జారీ సంస్థ ఫిర్యాదుల విభాగానికి ఈమెయిల్ పంపాలి. కార్డు పిన్‌ను మాత్రం అందులో రాయకూడదు. ఫోన్‌లో కస్టమర్ కేర్ ప్రతినిధి గడువు అయిపోయిందని, ఏమీ చేయలేమని చెప్పేస్తే అక్కడితో ఆగిపోనక్కర్లేదు. ఆ మాట రాతపూర్వకంగా తీసుకుంటే తర్వాతి ఫిర్యాదుకు అదే ఆధారమవుతుంది.

వస్తువు వాపసు విషయంలోనూ ఒక చిక్కుంది. గిఫ్ట్ కార్డుతో కొన్న వస్తువును తిరిగి ఇచ్చినా, ఆర్డరు రద్దయినా, డబ్బు అదే కార్డులోకి వెనక్కి వస్తుంది. నియమాల ప్రకారం అది వెంటనే జరగాలి. అందువల్ల బ్యాలెన్స్ సున్నా అయిందని కార్డును పారేయకూడదు. కొన్న వస్తువును వాపసు ఇచ్చే గడువు ముగిసేదాకా దాచుకోవాలి.

దుకాణం సొంత కార్డు

నగల దుకాణం, పుస్తకాల షాపు, బ్యూటీ పార్లరు, హోటలు తమంతట తామే జారీ చేసుకునే కార్డులకు పై నియమాలేవీ వర్తించవు. ఒక సంవత్సరం కనీస గడువు లేదు, 45 రోజుల హెచ్చరిక లేదు, ఎస్క్రో ఖాతా లేదు. ఇది చట్టంలోని లోటే. డబ్బు ముందే కట్టించుకున్న వ్యాపారికి కనీస గడువైనా విధించి ఉండవలసింది. ప్రస్తుతం కొనుగోలుదారుకు ఆసరా 2020 జులై 20 నుంచి అమల్లో ఉన్న 2019 వినియోగదారుల రక్షణ చట్టం.

కానుక అందుకున్నవారు డబ్బు కట్టలేదు కదా, వారికి ఫిర్యాదు చేసే హక్కు ఉంటుందా అనే సందేహం తరచూ వస్తుంది. ఉంటుంది. కొన్నవారి సమ్మతితో వస్తువును వాడుకునేవారిని, సేవ ద్వారా ప్రయోజనం పొందేవారిని కూడా చట్టం వినియోగదారుగానే గుర్తించింది. కౌంటరు దగ్గర కొన్నవారే రావాలంటూ వెనక్కి పంపేస్తే ఆ మాట చట్టం ముందు నిలవదు. ఎటొచ్చీ రుజువు దగ్గర ఇబ్బంది పడకుండా, కానుక ఇచ్చేవారు కార్డుతో పాటు బిల్లు ఫొటోను కూడా వాట్సాప్‌లో పంపడం మంచిది. ధర కనిపిస్తే బాగుండదనే మొహమాటం ఇక్కడ పనికిరాదు. కార్డు మీద విలువ ఎలాగూ అచ్చయి ఉంటుంది.

కార్డు అమ్మేటప్పుడు చెప్పని షరతును వాడేటప్పుడు బయటపెట్టడం ఫిర్యాదుకు తగిన కారణం. డిస్కౌంట్ రోజుల్లో చెల్లదనడం, మొత్తం ఒకేసారి వాడకపోతే మిగిలింది పోతుందనడం, ఫలానా బ్రాంచిలోనే తీసుకుంటామనడం ఇలాంటివే. ఇవన్నీ ముందే అచ్చయి ఉన్నా, మరీ ఏకపక్షంగా ఉంటే అనుచిత ఒప్పందం అనే అంశం కింద వాటిని సవాలు చేయవచ్చు. ఆ అంశంపై ఫిర్యాదు మాత్రం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కాకుండా రాష్ట్ర కమిషన్‌లో వేయాలి. అయిదు వేల కార్డు కోసం అంత దూరం వెళ్లేవారు తక్కువ కాబట్టి, చెప్పని షరతు, సేవాలోపం అనే కారణాలతో జిల్లా కమిషన్‌ను ఆశ్రయించడమే ఆచరణలో తేలిక.

దుకాణం దివాలా తీస్తే పరిస్థితి మరింత కష్టం. కార్డు ఉన్నవారు తాకట్టు లేని అప్పు ఇచ్చినవారితో సమానం. బ్యాంకుల వంటి పెద్ద రుణదాతల వంతు అయ్యాక మిగిలితేనే వారికి అందుతుంది. అమెరికాలో షార్పర్ ఇమేజ్ అనే దుకాణాల సంస్థ 2008 ఫిబ్రవరిలో దివాలా పిటిషన్ వేసి, వెంటనే గిఫ్ట్ కార్డులు తీసుకోవడం ఆపేసింది. తర్వాత, కార్డు విలువకు రెట్టింపు కొనుగోలు చేస్తేనే చెల్లుతుందని షరతు పెట్టింది. కానుకగా వచ్చిన కార్డు వాడుకోవడానికి ఇంకా డబ్బు పెట్టవలసి రావడం కంటే అన్యాయం ఏముంటుంది? ఒకే దుకాణంలో చెల్లే కార్డును పెద్ద మొత్తానికి కొనకపోవడం, వచ్చినదాన్ని కొద్ది వారాల్లోనే వాడేయడం తప్ప దీనికి వేరే మందు లేదు.

పన్ను, అదనపు రుసుములు

కార్డు కొన్నప్పుడు దాని విలువ మీద జీఎస్టీ పడదు. వోచరు వస్తువూ కాదు, సేవా కాదని, దాని క్రయవిక్రయాల మీద జీఎస్టీ ఉండదని 2024 డిసెంబరు 21న 55వ జీఎస్టీ మండలి సమావేశం సిఫారసు చేసింది. అదే నెల 31న సర్క్యులర్ వచ్చింది. కార్డుతో సరుకు కొన్నప్పుడు ఆ సరుకు మీద ఉన్న పన్ను మామూలుగానే ఉంటుంది. రెండువేల కార్డుకు బిల్లులో పన్ను కలిపి ఎక్కువ రాస్తే, అది దేని మీద వేశారో అడగాలి. జారీ రుసుము వంటిది తీసుకుంటే ముందే చెప్పాలి. ఆన్‌లైన్‌లో చెల్లింపు చివరి మెట్టులో ఇలాంటి రుసుములు హఠాత్తుగా ప్రత్యక్షమైతే, 2023 నవంబరు 30 నాటి డార్క్ ప్యాటర్న్స్ (కొనేవారిని మభ్యపెట్టే ఆన్‌లైన్ ఎత్తుగడలు) మార్గదర్శకాలు నిషేధించిన 13 పద్ధతుల్లో అదీ ఒకటి.

దొంగల బెడద

గిఫ్ట్ కార్డు నంబరు, పిన్ తెలిస్తే చాలు, కార్డు చేతిలో ఉండనక్కర్లేదు. అందుకే మోసగాళ్లకు అది ఇష్టమైన సాధనమైంది. ఆఫీసు పై అధికారి ఫొటో పెట్టుకున్న వాట్సాప్ నంబరు నుంచి సందేశం వస్తుంది. మీటింగులో ఉన్నానని, అర్జంటుగా నాలుగు గిఫ్ట్ కార్డులు కొని నంబర్లు పంపమని, సాయంత్రం డబ్బు ఇచ్చేస్తానని అందులో ఉంటుంది. కొత్తగా ఉద్యోగంలో చేరినవారు కాదనలేక పంపేస్తారు. పోలీసులమని, కస్టమ్స్ అధికారులమని చెప్పి కార్డులు కొనమనేవారూ ఉన్నారు. ఏ ప్రభుత్వ శాఖా జరిమానాను గాని పన్నును గాని గిఫ్ట్ కార్డుల రూపంలో తీసుకోదు. అలా అడిగారంటే మోసమేనని వెంటనే తేల్చుకోవచ్చు. నంబర్లు పంపేసి ఉంటే ముందు జారీ సంస్థకు ఫోన్ చేసి కార్డును నిలిపివేయించాలి. వెంటనే 1930 సైబర్ హెల్ప్‌లైన్‌కు చెప్పాలి. ఇక్కడ నిమిషాలే విలువైనవి, సిగ్గుపడి దాచడం వల్ల లాభపడేది దొంగ ఒక్కడే.

కార్డుదారు తప్పు గాని, సంస్థ తప్పు గాని లేకుండా ఎవరో బ్యాలెన్స్ కాజేస్తే, బ్యాంకు కాని సంస్థల కార్డుల విషయంలో రిజర్వు బ్యాంకు బాధ్యతను రోజుల లెక్కన పంచింది. లావాదేవీ సందేశం అందాక మూడు రోజుల్లోగా చెబితే కార్డుదారుకు నష్టం లేదు. నాలుగు నుంచి ఏడు రోజుల మధ్య చెబితే లావాదేవీ మొత్తం, లేదా రూ.10,000, వీటిలో ఏది తక్కువైతే అది కార్డుదారు భరించాలి. గిఫ్ట్ కార్డు విలువే రూ.10,000 మించదు కాబట్టి నాలుగో రోజు నుంచి మొత్తం నష్టం కార్డుదారు మీదే పడవచ్చు. అంటే నిజంగా చేతిలో ఉన్నది మూడు రోజులే. ఏడు రోజులు దాటితే సంస్థ సొంత విధానమే దిక్కు. తప్పు సంస్థదే అయితే ఎప్పుడు చెప్పినా కార్డుదారుకు బాధ్యత లేదు. పిన్‌ను కార్డుదారే ఎవరికో చెప్పి ఉంటే, సంస్థకు తెలియజేసేదాకా జరిగిన నష్టం కార్డుదారుదే. తప్పు కార్డుదారుదని రుజువు చేయవలసిన భారం మాత్రం సంస్థ మీదే ఉంటుంది.

అమెరికాలో ఉన్న తెలుగువారికి

అమెరికాలో నియమాలు వేరు. 2009 మేలో ఆమోదం పొందిన క్రెడిట్ కార్డ్ చట్టంలోని గిఫ్ట్ కార్డు నిబంధనలు 2010 ఆగస్టు 22 నుంచి అమలయ్యాయి. కార్డులోని డబ్బుకు కనీసం అయిదేళ్ల వరకు గడువు తీరకూడదు. ఏడాదిపాటు వాడకుండా వదిలేస్తేనే నిర్వహణ రుసుము వేయవచ్చు, అదీ నెలకు ఒక్కసారే, ముందే తెలియజేసి. ఇండియాతో పోలిస్తే అక్కడి నిబంధనలు దుకాణం సొంత కార్డులకు కూడా వర్తించడం పెద్ద తేడా. ప్రచారపు కూపన్లు, కాగితం మీద మాత్రమే ఇచ్చే సర్టిఫికెట్లు వీటి కిందికి రావు. కాలిఫోర్నియాలో దుకాణాల కార్డులకు సాధారణంగా గడువే ఉండకూడదు, కొద్ది మొత్తం మిగిలితే నగదుగా ఇవ్వాలి. స్టోర్లలో స్టాండుకు వేలాడదీసిన కార్డుల నంబర్లను దొంగలు ముందే రాసుకుని, డబ్బు పడగానే లాగేసుకోవడం అక్కడ ఎక్కువ. మేరీల్యాండ్ రాష్ట్రం 2024లో తెచ్చిన చట్టం అందుకే కార్డులకు భద్రమైన ప్యాకింగ్ తప్పనిసరి చేసింది. గీకిన గుర్తులున్న కార్డును, చింపి అతికించినట్టున్న కవరును తీసుకోకూడదు.

డాలస్ నుంచి విజయవాడలోని తల్లిదండ్రులకు ఆన్‌లైన్‌లో కార్డు పంపేటప్పుడు, అది ఇండియాలో రూపాయల్లో జారీ అయిందో లేదో చూడాలి. అలా అయితే ఇక్కడి నియమాలే వర్తిస్తాయి. అమెరికా స్టోరు డాలర్ల కార్డు అదే పేరున్న ఇక్కడి దుకాణంలో సాధారణంగా చెల్లదు.

ఫిర్యాదు ఎక్కడ?

ముందు జారీ సంస్థకు గాని, దుకాణానికి గాని రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. ఆన్‌లైన్ సంస్థ అయితే 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో అందినట్టు తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. రిజర్వు బ్యాంకు పరిధిలోని కార్డు అయితే, 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రుసుము లేకుండా ఫిర్యాదు చేయవచ్చు. దారి తెలియకపోతే 14448కు ఫోన్ చేసి అడగవచ్చు.

దుకాణం సొంత కార్డులకు తొలి మెట్టు 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులో కూడా మాట్లాడవచ్చు. దానితో పని జరగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. రూ.5 లక్షల లోపు చెల్లింపులకు సంబంధించిన ఫిర్యాదుకు అక్కడ రుసుము లేదు. దుకాణం బెంగళూరులో ఉన్నా, ఫిర్యాదుదారు నివసించే జిల్లాలోనే, కరీంనగర్‌లోనో కాకినాడలోనో, కేసు వేయవచ్చు. న్యాయవాది తప్పనిసరి కాదు, ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. కార్డు రెండు వైపుల ఫొటోలు, కొన్న రసీదు, బ్యాలెన్స్ స్క్రీన్‌షాట్, సంస్థతో జరిగిన ఉత్తర ప్రత్యుత్తరాలు జతచేయాలి. ఫిర్యాదుకు కారణం ఏర్పడిన రోజు నుంచి రెండేళ్లలోపు దాఖలు చేయాలి. ఆలస్యమైతే తగిన కారణం చూపి కమిషన్‌ను ఒప్పించవలసి ఉంటుంది.